మంచు మేజ్ కార్డు: 1 నుంచి 60 దాకా, నాలుగు సార్లు మార్చి రాసిన బిల్డ్

పని ఏమిటి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటలో మొదటిసారి మేజ్ (మంత్రగాడి పాత్ర) ఎత్తుకునేవాళ్లకి ఒక్క కాగితం మీద పట్టే బిల్డ్ (పాత్రని పెంచే వరుస) కార్డు తయారుచేయడం. ఏ లెవెల్లో ఏ టాలెంట్ (పాయింట్లు పెట్టి పాత్రకి తెచ్చుకునే అదనపు బలం), ఏ మంత్రం, ఏ మీట మీద ఏం పెట్టుకోవాలి అన్నంతవరకే. విశాఖలో ఇంటి వైఫై మీద ఆడేవాళ్ల కోసం రాస్తున్నాం కాబట్టి పింగ్ (మన నొక్కుడు సర్వర్‌కి వెళ్లి జవాబు రావడానికి పట్టే టైము) కూడా లెక్కలోకి వస్తుంది. మేం ఆడే రెల్మ్ (ఆట సర్వర్) యూరప్‌లో ఉంది. పింగ్ 200 మిల్లీసెకన్ల చుట్టూ తిరుగుతుంది. అక్కడ పనిచేసే కొన్ని కిటుకులు ఇక్కడ అలాగే పనిచేయవు, అవి కింద వస్తాయి.

కొలత ఒకటే పెట్టుకున్నాం: ఒక మాబ్‌ని (ఆటలో మనం కొట్టే శత్రువుని) చంపాక మానా (మంత్రాలకి ఖర్చయ్యే శక్తి) ఎంత మిగిలింది? రెండో మాబ్ అనుకోకుండా మీద పడితే బతికి బయటపడేంత ఉందా? ఎంత గట్టిగా కొట్టాం అన్నది దాని తర్వాతే.

టాలెంట్ పాయింట్లు 10వ లెవెల్ నుంచి లెవెల్‌కి ఒకటి చొప్పున వస్తాయి, 60కి మొత్తం 51. పాయింట్లు పెట్టే ప్రతి దశ చివరా లెక్క రాశాం.

దశ 1: నిప్పా, మంచా, ఆర్కేనా (లెవెల్ 1–10)

కార్డు 1 నిప్పు మీద కట్టాం. ఫైర్‌బాల్ అంకె పెద్దగా కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లు దానివైపే పోతారు. 10వ లెవెల్ మాబ్‌కి దాదాపు 198 ప్రాణం ఉంటుంది. దాని మీద మూడు మంత్రాలూ లెక్కవేస్తే:

1. ఫైర్‌బాల్ రెండో ర్యాంక్: సగటున 38 దెబ్బ, 45 మానా. 6 సార్లు వేయాలి, 270 మానా.
2. ఫ్రాస్ట్‌బోల్ట్ రెండో ర్యాంక్: సగటున 33 దెబ్బ, 35 మానా. ఇదీ 6 సార్లే, కానీ 210 మానా.
3. ఆర్కేన్ మిస్సైల్స్ మొదటి ర్యాంక్: 3 సెకన్లలో 72 దెబ్బ, 85 మానా. 3 సార్లు, 255 మానా.

ఫైర్‌బాల్ వెనకాల కొద్దిగా మంట కూడా అంటుకుంటుంది కాబట్టి ఒక్కోసారి ఐదింటితో అయిపోతుంది. అప్పుడూ 225 మానా, మంచు కంటే ఎక్కువే. మిస్సైల్స్‌తో వచ్చిన చిక్కు వేరు. అది చానెల్ మంత్రం, అంటే వేస్తూ ఉన్నంతసేపే దెబ్బలు పడేది, మాబ్ మీద పడి కొడుతుంటే చానెల్ కత్తిరించుకుపోయి చివరి బాణాలు రాకుండా పోతాయి. మానా మాత్రం ముందే పోయి ఉంటుంది.

మంచు వైపు తేల్చింది ఈ 60 మానా తేడా ఒక్కటే కాదు. ఫ్రాస్ట్‌బోల్ట్ తగిలిన మాబ్ వేగం 40 శాతం పడిపోతుంది. అది మన దగ్గరికి చేరేలోపు ఇంకో బోల్ట్ వేసే వ్యవధి దొరుకుతుంది. బట్ట కట్టుకుని తిరిగే మేజ్‌కి ఆ వ్యవధే కవచం.

ఈ దశలో నేర్చుకోవాల్సినవి వరుసగా:

1. లెవెల్ 4: ఫ్రాస్ట్‌బోల్ట్, నీళ్లు తెప్పించే మంత్రం. ఇక నీళ్లు కొనొద్దు.
2. లెవెల్ 6: ఫైర్ బ్లాస్ట్, తిండి తెప్పించే మంత్రం.
3. లెవెల్ 8: పాలీమార్ఫ్, ఫ్రాస్ట్‌బోల్ట్ రెండో ర్యాంక్.
4. లెవెల్ 10: ఫ్రాస్ట్ నోవా, దగ్గరున్న మాబ్‌లని నేలకి అతికించేది.

పాలీమార్ఫ్ గురించి కార్డు 1లో "రెండో మాబ్‌ని గొర్రె చేయండి" అని మాత్రమే రాశాం. అది చాలదు. మనుషుల్లాంటివి, జంతువులు, చిన్న ప్రాణుల మీదే అది పనిచేస్తుంది. శవాల మీదా, ఎలిమెంటల్స్ మీదా వేస్తే ఏమీ జరగదు. గొర్రెగా ఉన్నంతసేపూ దాని ప్రాణం చకచకా నిండిపోతుంది కూడా, కాబట్టి సగం కొట్టిన మాబ్‌ని గొర్రె చేస్తే ఆ కష్టమంతా వృథా. ఇంకా తాకని దాని మీదే వేయాలి. మొదటి ర్యాంక్ 20 సెకన్లు ఉంటుంది, ఆ లోపు మొదటిదాని పని ముగించాలి.

మొత్తం: 1 పాయింట్ ఖర్చు, 50 మిగులు. రీస్పెక్ (పెట్టిన పాయింట్లు వెనక్కి తీసుకుని మళ్లీ పెట్టడం) ఖర్చు: నిప్పు నుంచి మంచుకి మారినందుకు 1 గోల్డ్.

దశ 2: వాండ్ (లెవెల్ 5 నుంచే)

కార్డు 1లో వాండ్ (మంత్రదండం) ఊసే లేదు. ఇదే పెద్ద పొరపాటు.

లెస్సర్ మ్యాజిక్ వాండ్‌ని లెవెల్ 5కే పట్టుకోవచ్చు. ఎన్‌చాంటింగ్ (వస్తువులకి మంత్రబలం ఎక్కించే వృత్తి) తెలిసినవాళ్లు ఒక సింపుల్ వుడ్, ఒక లెస్సర్ మ్యాజిక్ ఎసెన్స్‌తో చేసి ఇస్తారు. వేలంలోనూ దొరుకుతుంది. సెకనుకి 11.3 దెబ్బ. లెవెల్ 13కి గ్రేటర్ మ్యాజిక్ వాండ్, 17.5.

20వ లెవెల్ మాబ్ మీద లెక్క చూడండి. ప్రాణం దాదాపు 484. ఫ్రాస్ట్‌బోల్ట్ నాలుగో ర్యాంక్ సగటు దెబ్బ 78, మానా 65.

1. అన్నీ బోల్ట్‌లే అయితే 7 కావాలి, 455 మానా.
2. 4 బోల్ట్‌లు వేసి మిగతా 172 ప్రాణం వాండ్‌తో తీస్తే 260 మానా. వాండ్‌కి పట్టేది 10 సెకన్లు.

195 మానా మిగిలింది. టైము లెక్కలో మాత్రం పెద్ద లాభం లేదని ఒప్పుకోవాలి: మానేసిన 3 బోల్ట్‌లకి 6.3 సెకన్లు పట్టేది, వాండ్‌కి 10 పట్టింది. ఆ 195 మానాని నీళ్లు తాగి నింపుకోవడానికి ఇంకో 6 సెకన్లు పడుతుంది కాబట్టి మొత్తం మీద రెండు మూడు సెకన్లే కలిసొస్తాయి. అయినా కార్డులో వాండ్‌ని పైన పెట్టాం, ఎందుకంటే ఆ 195 మానా మాబ్ చచ్చే క్షణంలో చేతిలో ఉంటుంది. వెనకనుంచి రెండోది వచ్చినా మూడు బోల్ట్‌లు వేయగలం.

ఇంకో లాభం, ఐదు సెకన్ల నియమం. మానా ఖర్చుపెట్టిన తర్వాత 5 సెకన్ల దాకా స్పిరిట్ వల్ల మానా ఊరదు. వాండ్‌కి మానా అక్కర్లేదు కాబట్టి 10 సెకన్లు వాండ్ కొడితే అందులో చివరి 5 సెకన్లు ఊట మొదలవుతుంది. మేజ్‌కి రెండేసి సెకన్లకి 13తో పాటు స్పిరిట్‌లో నాలుగో వంతు వస్తుంది. స్పిరిట్ 40 ఉంటే 23. అందుకే లెవెల్ 40 దాకా బట్టల్లో ఇంటెలెక్ట్‌తో (మానా నిల్వని పెంచేది) సమానంగా స్పిరిట్ కూడా చూడమని రాశాం.

వాండ్ దశలో దెబ్బతినేది ఎక్కడంటే పారిపోయే మాబ్ దగ్గర. మనుషుల్లాంటి మాబ్‌లు, ముఖ్యంగా మర్లాక్‌లు, ప్రాణం తగ్గగానే పరుగెత్తి పక్కవాళ్లని వెంటేసుకొస్తాయి. నాలుగో బోల్ట్ వేసిన చల్లదనం అప్పటికే పోయి ఉంటుంది. దీనికి కార్డు 2లో చేర్చిన మందు: ఫ్రాస్ట్‌బోల్ట్ మొదటి ర్యాంక్‌ని వేరే మీట మీద పెట్టుకోండి. 25 మానాయే, వేగం తగ్గించేది మాత్రం అదే 40 శాతం. మాబ్ ప్రాణం ఐదో వంతుకి రాగానే ఒకటి వేసి మళ్లీ వాండ్‌కి రావాలి.

దశ 3: మొదటి పది పాయింట్లు (లెవెల్ 10–19)

కార్డు 2లో ఐస్ షార్డ్స్‌ని ముందు నింపాం. "క్రిట్ దెబ్బ రెట్టింపు" అన్న మాట చూసి వేసుకున్నది. క్రిట్ అంటే ఒక్కోసారి మామూలు కంటే గట్టిగా పడే దెబ్బ. లెక్క వేశాక తప్పు తెలిసింది. క్రిట్ అవకాశం 5 శాతం ఉన్నప్పుడు సగటు దెబ్బ 1.025 వంతు. ఐదు పాయింట్లూ ఐస్ షార్డ్స్‌లో పోస్తే 1.05. అంటే ఐదు లెవెల్‌ల సంపాదన పోసి తెచ్చుకున్నది రెండున్నర శాతం లోపే. క్రిట్ అవకాశం పెరగనంతవరకు ఆ టాలెంట్ నిద్రలో ఉన్నట్టే.

దానికి బదులు ఇంప్రూవ్డ్ ఫ్రాస్ట్‌బోల్ట్ ఒక్కో పాయింట్‌కి 0.1 సెకను తగ్గిస్తుంది. అయితే అందులో ఒక మెలిక ఉంది, దగ్గరగా చూస్తే తప్ప కనబడదు. ఫ్రాస్ట్‌బోల్ట్ రెండో ర్యాంక్ కాస్ట్ (మంత్రం వేయడానికి పట్టే టైము) 1.8 సెకన్లు. మూడు పాయింట్లు పెట్టగానే 1.5 అవుతుంది. గ్లోబల్ కూల్‌డౌన్ (ఒక మంత్రం మొదలుపెట్టాక ఇంకోటి వేయడానికి ఆగాల్సిన వ్యవధి) కూడా 1.5 సెకన్లే. కాబట్టి 13వ లెవెల్లో నాలుగో పాయింట్ పెట్టినప్పుడు కాస్ట్ బార్ 1.4లో నిండుతుంది కానీ తర్వాతి బోల్ట్ 0.1 సెకను ఆగి మొదలవుతుంది. ఆ లెవెల్ అంతా ఆ పాయింట్ వల్ల వేగం పెరగదు. 14కి మూడో ర్యాంక్ వస్తుంది, దాని కాస్ట్ 2.2. ఐదు పాయింట్లతో 1.7. అప్పుడు అన్ని పాయింట్లూ పనిచేస్తాయి. అందుకే కార్డులో 14 దగ్గర ఎర్ర గీత గీశాం: ఏ పనిలో ఉన్నా ఊళ్లోకెళ్లి ట్రైనర్ దగ్గర మూడో ర్యాంక్ నేర్చుకుని రావాలి.

వరుస ఇలా మారింది:

1. లెవెల్ 10–14: ఇంప్రూవ్డ్ ఫ్రాస్ట్‌బోల్ట్ 5.
2. లెవెల్ 15–16: ఇంప్రూవ్డ్ ఫ్రాస్ట్ నోవా 2. నోవా కూల్‌డౌన్ (మళ్లీ వేయడానికి ఆగాల్సిన టైము) 25 నుంచి 21 సెకన్లకి వస్తుంది.
3. లెవెల్ 17–19: ఫ్రాస్ట్‌బైట్ 3. చల్లబరిచే ప్రతి దెబ్బకీ 15 శాతం గడ్డకట్టే అవకాశం.

మొత్తం: 10 పాయింట్లు ఖర్చు, 41 మిగులు. రీస్పెక్ ఖర్చు: 1 + 5 = 6 గోల్డ్.

దశ 4: నోవా తర్వాత కాళ్లు

కొత్త మేజ్‌లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే కాబట్టి కార్డులో సగం వెనకవైపు దీనికే ఇచ్చాం.

నోవా 10 గజాల లోపు ఉన్నవాటిని 8 సెకన్లు నేలకి అతికిస్తుంది. వేశాక చాలామంది వెనక్కి నడిచే మీట నొక్కి పట్టుకుంటారు. వెనక్కి నడక సెకనుకి 4.5 గజాలు, ముందుకి పరుగు 7 గజాలు. గ్లోబల్ కూల్‌డౌన్ ఉన్న 1.5 సెకన్లలో ఎలాగూ ఏ మంత్రమూ వేయలేం. ఆ లోపు వెనక్కి నడిస్తే 7 గజాల లోపే వస్తుంది, తిరిగి పరుగెత్తితే 10 దాటుతుంది.

1. నోవా వేయి.
2. మౌస్ కుడి బటన్ పట్టుకుని మొత్తం తిరిగి పరుగెత్తు. వెనక్కి నడిచే మీటని సెట్టింగ్స్‌లోంచి తీసేస్తే అలవాటు తొందరగా వస్తుంది.
3. 10 గజాలు దాటాక మళ్లీ మాబ్ వైపు తిరుగు.
4. ఫ్రాస్ట్‌బోల్ట్ వేయి. అది గాల్లో ఉండగానే ఫైర్ బ్లాస్ట్.

నాలుగో అడుగుని మొదట్లో కోన్ ఆఫ్ కోల్డ్‌తో రాశాం, ఎందుకంటే అనుభవజ్ఞులు అలాగే చేస్తారు. విశాఖ నుంచి అది తరచూ తప్పింది. కోన్ ఆఫ్ కోల్డ్ 10 గజాల లోపే అందుతుంది. అంత దగ్గరనుంచి వేసిన బోల్ట్ గాల్లో ఉండే వ్యవధి చాలా తక్కువ. మన నొక్కుడు సర్వర్‌కి చేరేలోపు బోల్ట్ తగిలి మంచు పగిలిపోతుంది, రెండో దెబ్బ గడ్డకట్టని మాబ్ మీద పడుతుంది. ఫైర్ బ్లాస్ట్ 20 గజాల దాకా అందుతుంది కాబట్టి దూరంగా నిలబడి వేస్తే బోల్ట్ ఎగిరే వ్యవధిలో మన 200 మిల్లీసెకన్లు ఇమిడిపోతాయి.

స్పెల్ క్యూ విండో అనే సెట్టింగ్ మామూలుగా 400 మిల్లీసెకన్లు ఉంటుంది. కాస్ట్ బార్ ముగియడానికి 400 మిల్లీసెకన్ల ముందు నుంచి తర్వాతి మంత్రం నొక్కినా అది వరుసలో నిలబడుతుంది. మన పింగ్‌కి దాన్ని తగ్గించొద్దు. తక్కువ పింగ్ వాళ్లు రాసిన సలహా చూసి 100కి దించితే ప్రతి బోల్ట్ మధ్యా ఖాళీ పడుతుంది.

లెవెల్ 20కి వచ్చే బ్లింక్‌లోనూ ఇదే తిరకాసు. మొహం ఎటు ఉంటే అటే 20 గజాలు తీసుకెళ్తుంది. మాబ్‌ని చూస్తూ నొక్కితే దాన్ని దాటుకుని అవతలున్న గుంపులో పడతాం. ముందు తిరగాలి, తర్వాతే నొక్కాలి.

దశ 5: షాటర్ (లెవెల్ 20–30)

బిల్డ్ అసలు రూపు దాల్చేది ఇక్కడ. షాటర్ ఐదు పాయింట్లు నిండితే గడ్డకట్టిన మాబ్ మీద క్రిట్ అవకాశం 50 శాతం పెరుగుతుంది. మన 5 శాతం కలిపి 55. దశ 3లో పనికిరాదన్న ఐస్ షార్డ్స్ ఇప్పుడు మేల్కొంటుంది:

1. షాటర్ లేకుండా: సగటు 1.025.
2. షాటర్‌తో, ఐస్ షార్డ్స్ లేకుండా: 1.275.
3. షాటర్‌తో, ఐస్ షార్డ్స్ 2 పాయింట్లు: 1.385.
4. షాటర్‌తో, ఐస్ షార్డ్స్ 5 పాయింట్లు: 1.55.

అదే టాలెంట్, వరుస మారేసరికి విలువ మారింది. కార్డు 3లో వరుస: లెవెల్ 20–22 పియర్సింగ్ ఐస్ (మంచు దెబ్బని పెంచేది) 3, 23–24 ఐస్ షార్డ్స్ 2, 25–29 షాటర్ 5, 30కి ఐస్ బ్లాక్ (కాసేపు దెబ్బ తగలకుండా మంచులో ఉంచేది). షాటర్‌కి ఇంప్రూవ్డ్ నోవా రెండు పాయింట్లూ నిండి ఉండాలి, అవి దశ 3లోనే అయిపోయాయి.

మధ్యలో ఒక దారి తప్పాం. గుంపుని పోగేసి బ్లిజార్డ్‌తో చంపే పద్ధతి చూసి లెవెల్ 20–22లో ఇంప్రూవ్డ్ బ్లిజార్డ్ మూడు పాయింట్లు వేశాం. మొదటి ర్యాంక్ బ్లిజార్డ్ 8 సెకన్లలో 200 దెబ్బ, 320 మానా. 484 ప్రాణం ఉన్న గుంపుకి మూడు కావాలి, 960 మానా. ఆ లెవెల్ మేజ్ దగ్గర సాధారణంగా అంత మానాయే ఉండదు. పైగా ఫ్రాస్ట్‌బైట్ గుంపులో ఒకదాన్ని అక్కడే గడ్డకట్టిస్తుంది, మిగతావి ముందుకొస్తాయి, గుంపు చెదిరిపోతుంది. గుంపు బిల్డ్‌లో ఫ్రాస్ట్‌బైట్ ఉండకూడదు, ఒక్కొక్కదాన్ని చంపే బిల్డ్‌లో ఉండాలి. రెండూ ఒక కార్డులో ఇమడవు. కొత్తవాళ్ల కార్డు ఒక్కొక్కదాని కార్డే.

మూడో రీస్పెక్ 10 గోల్డ్. 40కి గుర్రానికి, స్వారీ శిక్షణకి కలిపి 100 గోల్డ్ కావాలి. మా తప్పులకి అందులో ఆరో వంతు పోయింది.

ఈ దశలో మరిచిపోకూడనివి: 20కి ఎవోకేషన్ (మానాని త్వరగా నింపేది), 8 నిమిషాలకోసారి. 24కి కౌంటర్‌స్పెల్ (ఎదుటివాళ్ల మంత్రాన్ని మధ్యలో ఆపేది). 28కి మానా అగేట్, దాదాపు 400 మానా ఇస్తుంది, కొట్లాటకి ముందే చేసి సంచిలో పెట్టుకోవాలి.

మొత్తం: 21 పాయింట్లు ఖర్చు, 30 మిగులు. రీస్పెక్ ఖర్చు: 16 గోల్డ్.

దశ 6: ఎంత పెద్ద మాబ్ దాకా పోవచ్చు

మాబ్ లెవెల్ పెరిగేకొద్దీ మంత్రం తగలకపోయే అవకాశం ఇలా ఉంటుంది: సమానమైతే 4 శాతం, ఒకటి పైనైతే 5, రెండు పైనైతే 6. మూడు పైకెళ్తే ఒక్కసారిగా 17. నాలుగైతే 28.

రెండుకీ మూడుకీ మధ్య ఉన్న ఆ గండి కొత్తవాళ్లకి కనబడదు. నారింజ రంగు క్వెస్ట్‌కి (మన లెవెల్‌ని మించిన పని) వెళ్లి "బోల్ట్ తగలట్లేదు, బిల్డ్ బాలేదు" అంటారు. బిల్డ్ తప్పేమీ లేదు, ఆరింటిలో ఒకటి తప్పుతోంది. నోవా కూడా అలాగే తప్పుతుంది, అది ఇంకా ప్రమాదం. కార్డులో గీత: మనకంటే రెండు లెవెల్‌లు పైవాటితో ఆపాలి. మూడు పైవి ఉన్న క్వెస్ట్‌ని ఒక లెవెల్ అయ్యాక చేయాలి.

మంచు అసలు అంటని నీటి ఎలిమెంటల్స్ లాంటివి అక్కడక్కడా ఎదురవుతాయి. వాటి కోసం ఫైర్‌బాల్‌ని పూర్తిగా వదిలేయకుండా రెండు మూడు ర్యాంక్‌లకోసారి నేర్చుకుంటే చాలు.

దశ 7: 31 నుంచి 60

ఇక్కడ నుంచి దారి సాఫీ.

1. లెవెల్ 31–33: ఐస్ షార్డ్స్ మిగతా 3.
2. లెవెల్ 34–36: ఫ్రాస్ట్ చానెలింగ్ 3, మానా 15 శాతం ఆదా.
3. లెవెల్ 37–38: ఆర్కిటిక్ రీచ్ 2. 30 గజాల బోల్ట్ 36కి అందుతుంది.
4. లెవెల్ 39: కోల్డ్ స్నాప్. మంచు మంత్రాల కూల్‌డౌన్ అన్నీ చెరిపేస్తుంది, నోవా వెంటనే మళ్లీ వేయొచ్చు.
5. లెవెల్ 40: ఐస్ బ్యారియర్. మొదటి ర్యాంక్ 438 దెబ్బ మింగుతుంది, 30 సెకన్లకోసారి. మాబ్‌ని లాగే ముందే వేసుకోవాలి, మీద పడ్డాక కాదు.
6. లెవెల్ 41–46: ఎలిమెంటల్ ప్రెసిషన్ (మంత్రం తగలకపోయే అవకాశం తగ్గించేది) 3, పర్మాఫ్రాస్ట్ (చల్లదనం ఎక్కువసేపు నిలిపేది) 3.
7. లెవెల్ 47–56: ఆర్కేన్ సటిల్టీ 2, ఆర్కేన్ ఫోకస్ 3, ఆర్కేన్ కాన్సంట్రేషన్ 5. మొదటి ఐదూ కేవలం మెట్లు. కాన్సంట్రేషన్ కోసమే అవి, దానివల్ల పదో వంతు అవకాశంతో తర్వాతి దెబ్బ మంత్రానికి మానా పట్టదు.
8. లెవెల్ 57–60: ఇంప్రూవ్డ్ కోన్ ఆఫ్ కోల్డ్ 3, వాండ్ స్పెషలైజేషన్ 1.

మొత్తం: 51 ఖర్చు, మంచులో 40, ఆర్కేన్‌లో 11.

దశ 8: కరెంటు, నెట్, వేళ

లైను తెగినా క్యారెక్టర్ వెంటనే మాయమవదు. కొట్లాట మధ్యలో ఉంటే అక్కడే నిలబడి దెబ్బలు తింటుంది. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో కరెంటు పోవడం మనకి కొత్త కాదు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, రౌటర్‌కే ఉండదు. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకోవడం, లేదా ఫోన్ హాట్‌స్పాట్‌ని ల్యాప్‌టాప్‌లో ముందే సేవ్ చేసుకుని ఉంచడం కార్డు 4లో చేరిన కొత్త వరుస. గాలి గట్టిగా వీస్తున్న రోజు గుహల్లోకి దిగకుండా ఊరి దగ్గర మాబ్‌లే చూసుకోవాలి.

ఏ వేళ ఆడాలో కూడా కలిసొచ్చే విషయమే. ఇక్కడ ఉదయం 7 అంటే చలికాలంలో మధ్య యూరప్‌లో తెల్లవారుజాము 2:30. క్వెస్ట్ మాబ్‌ల కోసం పోటీ తగ్గుతుంది. ఇక్కడ రాత్రి 11:30 అంటే అక్కడ సాయంత్రం 7, డంజన్ గుంపులు దొరికే వేళ.

కార్డు 4 ప్రస్తుతం నడుస్తున్నది. కార్డు 5లో మారబోయేది ఒక్కటే: పర్మాఫ్రాస్ట్ మూడు పాయింట్లని 44 నుంచి 31కి ముందుకు జరిపి చూడటం. చల్లదనం 3 సెకన్లు ఎక్కువ నిలిస్తే వాండ్ దశలో ఆ మొదటి ర్యాంక్ బోల్ట్ అవసరమే ఉండకపోవచ్చు. ఐస్ షార్డ్స్ మూడు లెవెల్‌లు వెనక్కి పోతాయి, షాటర్ సగటు ఆ మూడు లెవెల్‌లూ 1.385 దగ్గరే ఆగుతుంది. కొత్త క్యారెక్టర్ 31కి చేరాక రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి, మాబ్ చచ్చాక మిగిలిన మానాతోనే కొలుస్తాం.